సీవీ జాయింటు విప్పడం, కడగడం, కొత్త బూటు ఎక్కించడం

సీవీ జాయింటంటే ఇంజను బలాన్ని ముందు చక్రానికి చేర్చే షాఫ్టు కొసన, వంగినా ఒకే వేగంతో తిప్పే కీలు. దాని మీద గ్రీజు పోకుండా, మట్టి పడకుండా తొడిగే రబ్బరు తొడుగే బూటు. బూటు చిరిగిందా, జాయింటే అరిగిందా? ఈ రెండిట్లో ఏదో తేలకముందు పానా చేతిలోకి తీసుకోకండి. బూటు ఒక్కటే చిరిగితే కొద్ది ఖర్చుతో, ఒక పూట పనితో జాయింటు బతుకుతుంది. లోపల గుళ్లు నడిచే గాడులు అరిగిపోయాక మాత్రం ఎంత మంచి గ్రీజు కూరినా, ఎంత ఖరీదైన బూటు తొడిగినా ఆ శబ్దం పోదు. బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే కార్లలో పాడైన జాయింట్లు చాలావరకు వాటంతట అవి పోయినవి కావు. చిరిగిన బూటుతో నెలల తరబడి తిరిగి పోయినవి. ఎప్పుడో ఒకసారి కారు కింద తల పెట్టి చూసుంటే మిగిలేవి.

అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో ఈ గొడవ లేదు. వాటిలో నడిపించేది వెనక చక్రాలు. వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు, దాని రెండు కొసలకీ వంగడానికి చెరో క్రాసు జాయింటు, అంతే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక లాగే పని, మలుపు తిరిగే పని రెండూ ముందు చక్రాల మీదే పడ్డాయి. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇదే పద్ధతి. చక్రం గుంటలో దిగి లేస్తుంది, స్టీరింగుతో పక్కకి తిరుగుతుంది, అయినా దానికి అందే వేగం ఒకేలా ఉండాలి. మామూలు క్రాసు జాయింటును వంచి తిప్పితే ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ముందు చక్రానికి అది పెడితే మలుపులో స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది. దీనికి ఫోర్డు కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920ల్లో ఆరు గుళ్లతో ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇటు షాఫ్టు, అటు షాఫ్టు ఎంత కోణంలో వంగినా, గుళ్లు ఆరూ ఆ కోణానికి సరిగ్గా మధ్య తలంలోనే నిలబడతాయి. గాడులు, గుళ్లను పట్టి ఉంచే కేజు కలిసి వాటిని అక్కడ నిలబెడతాయి. మన కార్లలో చక్రం వైపు ఉండేది ఈ రకం జాయింటే.

గేర్‌బాక్సు వైపు ఉండేది వేరు. చాలా చిన్న కార్లలో అక్కడ ట్రైపాడు ఉంటుంది. మూడు కాళ్లు, ఒక్కో కాలికి ఒక రోలరు, ఆ రోలర్లు కప్పు లోపలి గాడుల్లో ముందుకీ వెనక్కీ జారతాయి. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు షాఫ్టు పొడవులో వచ్చే తేడాని ఇదే సర్దుకుంటుంది. అందుకే రెండు జాయింట్లు చెడే తీరూ వేరు, చేసే శబ్దమూ వేరు.

ఖాళీ మైదానంలో స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పి, మొదటి గేరులో నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. తర్వాత రెండో పక్కకి. టకటకమని చక్రంతో పాటు లెక్కగా వస్తూ, యాక్సిలేటరు తొక్కితే గట్టిపడే శబ్దమైతే చక్రం వైపు జాయింటు అరిగినట్టే. దానికి గ్రీజు మందు కాదు. నేరుగా వెళ్తూ అరవై, డెబ్భై వేగంలో యాక్సిలేటరు తొక్కినప్పుడు బండి ఒళ్లంతా వణికి, కాలు తీయగానే వణుకు ఆగిందంటే గేర్‌బాక్సు వైపు ట్రైపాడుని అనుమానించండి. చక్రం బ్యాలెన్సింగు తప్పిన వణుకు కాలు తీసినా ఆగదు, ఆ వేగం దాటేదాకా ఉంటుంది. వేగంతో పాటు పెరిగే ఒకటే హూమని మోత వస్తుంటే అది హబ్ బేరింగు, అంటే చక్రం తిరిగే బేరింగు పని. ఇవన్నీ కలిపేసి మంచి యాక్సిల్ (జాయింట్లతో సహా షాఫ్టు) తీసి పక్కన పడేసే షెడ్లున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

శబ్దం ఏమీ లేకుండా బూటు మాత్రం చిరిగి వచ్చిన బండే అన్నిటికన్నా నయం. మొన్న మినుము నూర్పిళ్లప్పుడు అవనిగడ్డ వైపు నుంచి ఒక మాస్టారి ఆల్టో వచ్చింది. మా వైపు మినప కట్టె కళ్లానికి బదులు రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బండ్లు తొక్కి నూరుస్తాయని. ఆ కట్టె, గడ్డి పోగులు తిరిగే షాఫ్టుకి చుట్టుకుని, తాడులా బిగిసి బూటు సన్న మెడని కోసేస్తాయి. మాస్టారి బండికీ అదే జరిగింది. చక్రం లోపలి అంచు చుట్టూ నల్లగా గ్రీజు గీత, పైన మడ్‌గార్డు లోపల చుక్కలు చుక్కలుగా చిమ్మిన మరక, బూటు మెడ దగ్గర ఎండి గట్టిపడిన గడ్డి చుట్ట. చిరుగులోంచి కొంచెం గ్రీజు వేలితో తీసి బొటనవేలికి రుద్దాను. అక్కడక్కడా సన్నటి ఇసుక తగిలింది కానీ ఎక్కువ లేదు. రంగు కూడా ఇంకా నల్లగానే ఉంది. నీళ్లు దిగితే బూడిద రంగుకి తిరుగుతుంది, తుప్పు మొదలైతే ఎర్రగా ఉంటుంది. "ఊరికే గ్రీజు కొట్టి పైన ప్లాస్టిక్కు చుట్టేస్తే సరిపోదా?" అన్నారాయన. "సరిపోదు మాస్టారూ, ఉన్న ఇసుక లోపలే ఉంటుంది, కొత్త గ్రీజుతో కలిసి గాడుల్ని ఇంకా అరగదీస్తుంది" అని చెప్పి విప్పాను. ఇక్కడ రాసేదంతా ఆ బండి మీద చేసిన పనే.

ముందు సామాను దగ్గర పెట్టుకోండి. మీ మోడల్‌కి సరిపోయే బూటు కిట్టు తెచ్చుకోవాలి. అందులో బూటు, రెండు క్లిప్పులు, గ్రీజు పాకెట్టు, మంచి కిట్టయితే కొత్త సర్క్లిప్పు (గాడిలో పడి జాయింటుని జారకుండా పట్టే రింగు) కూడా ఉంటాయి. చక్రం మధ్యలో షాఫ్టు కొసని బిగించే హబ్ నట్టు కొత్తది కొనండి. పాతది మళ్లీ వాడకూడదు. గేర్‌బాక్సు ఆయిల్ సీలు కూడా తెచ్చి పెట్టుకుంటే మంచిది. షాఫ్టు ఎలాగూ బయటికి వస్తుంది, సీలు మార్చడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. హబ్ నట్టుకి సరైన సాకెట్టు, పొడుగు రాడ్డు, సర్క్లిప్పు ప్లేయరు, ఇత్తడి కడ్డీ, బెంచి వైసు, టార్క్ రెంచి, కిరసనాయిలు, కుదిరితే గాలి కంప్రెసరు. జాకీ మీదే బండి ఉంచి కింద దూరే పని చేయకండి. రెండు ఇనప స్టాండ్లు కొనండి. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద ఆనించడం మన దగ్గర మామూలైపోయింది. అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

బండి నేల మీద ఉండగానే హబ్ నట్టు వదులు చేయాలి. నట్టు అంచుని షాఫ్టు గాడిలోకి కొట్టి వంచి ఉంటారు. సన్న ఉలితో ఆ వంపుని పైకి లేపండి, లేకపోతే విప్పేటప్పుడు షాఫ్టు మర పాడవుతుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు పొడుగు రాడ్డుతో విప్పండి. తర్వాత చక్రం నట్లు కాస్త వదులు చేసి, జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం తీయండి. తీసిన చక్రాన్ని బండి కిందికి తోసి ఉంచండి. గేర్ ఆయిల్ తొట్టిలోకి దించుకోండి. నల్లబడకుండా బాగుంటే వడకట్టి మళ్లీ పోయొచ్చు. నేనైతే కొత్తదే పోస్తాను.

ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే సెన్సరు వైరుని దాని పట్టీల్లోంచి విడిపించండి. బ్రేకు హోసుని స్ట్రట్టుకి (స్ప్రింగున్న షాక్ అబ్జార్బరు) పట్టి ఉంచే బోల్టు కూడా తీయండి. బ్రేకు కాలిపర్ తీయాల్సి వస్తే దాన్ని హోసు మీద వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగుకి కట్టండి. ఇప్పుడు చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చివర బాల్ జాయింటుని బిగించిన బోల్టు. చాలా బండ్లలో దీన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. బాల్ జాయింటు కాడకి గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి వెళ్తుంది. ఇది తెలియక సుత్తితో బాది ఆర్మ్ వంచేసిన వాళ్లని చూశాను. బోల్టు తీశాక ఆర్మ్‌ని పలుగుతో కిందికి నొక్కితే కాడ జారి వచ్చేస్తుంది. స్ట్రట్టు, నకుల్ (హబ్‌ని పట్టి ఉంచే ఇనప భాగం) కలిసే రెండు బోల్టుల జోలికి మాత్రం వెళ్లకండి. అవి కదిపితే చక్రం వాలు మారుతుంది, అలైన్‌మెంటు చూపించుకోవాల్సి వస్తుంది.

హబ్ నట్టుని షాఫ్టు కొసతో సమంగా వచ్చేదాకా తిప్పి ఉంచి, దాని మీద చెక్క పెట్టి సుత్తితో కొట్టండి. మర దెబ్బతినదు. షాఫ్టు హబ్ లోంచి కదలగానే నట్టు తీసేసి, నకుల్‌ని బయటికి లాగుతూ షాఫ్టుని విడిపించండి. లోపలి వైపు గేర్‌బాక్సు బాడీకీ జాయింటు కప్పుకీ మధ్య సందులో పలుగు కొన పెట్టి ఒక్కసారి గట్టిగా తోస్తే లోపలి సర్క్లిప్పు వదులుతుంది. షాఫ్టు పట్టుకుని లాగకండి. అలా లాగితే కప్పు గేర్‌బాక్సులోనే ఉండిపోయి ట్రైపాడు ఊడి వస్తుంది, రోలర్లు బూటులో పడతాయి. సీలు పెదవి గీసుకోకుండా షాఫ్టుని తిన్నగా బయటికి తీసి, ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. యాక్సిల్ బయట ఉన్నంతసేపూ బండిని చక్రాల మీదికి దించి కదపకూడదు. షాఫ్టు, నట్టు బిగింపు లేకుండా బరువు పడితే హబ్ బేరింగు పోతుంది.

షాఫ్టు బల్ల మీదికి వచ్చాక తొందర పడకండి. ఇక్కడి నుంచి పనంతా శుభ్రత మీదే ఆధారపడి ఉంటుంది. బయటి మట్టి మొత్తం తుడిచి, బల్ల మీద పాత పేపరు పరిచి, చేతులు కడుక్కుని మొదలుపెట్టండి. వైసు దవడలకి చెక్క ముక్కలు వేసి షాఫ్టు బిగించండి. పాత క్లిప్పులు కోసేసి బూటు వెనక్కి జరపండి. షాఫ్టు మీద బూటు మెడ కూర్చున్న చోట పెయింటుతో గుర్తు పెట్టుకోండి. కొత్తది కచ్చితంగా అక్కడే కూర్చోవాలి.

చక్రం వైపు జాయింటు షాఫ్టు నుంచి వచ్చే తీరు బండిని బట్టి ఉంటుంది. లోపలి రేసు (షాఫ్టు మీద కూర్చునే గాడుల దిమ్మ) కనిపించేదాకా గ్రీజు తుడిచి చూడండి. కొన్నిటికి చెవులున్న సర్క్లిప్పు ఉంటుంది, ప్లేయరుతో తెరిచి పట్టుకుని జాయింటుని తట్టాలి. కొన్నిటికి షాఫ్టు చివర గాడిలో దాగిన సన్న తీగ రింగు ఉంటుంది, రేసు మీద ఇత్తడి కడ్డీ ఆనించి నాలుగు గట్టి దెబ్బలు కొడితే ఊడి వస్తుంది. దెబ్బ రేసు మీదే పడాలి, కేజు మీద పడితే పగులుతుంది. కొన్ని మోడళ్లలో కంపెనీయే బయటి జాయింటుని విప్పొద్దంటుంది. నాలుగు దెబ్బలకి రాకపోతే ఆపేయండి. గేర్‌బాక్సు వైపు ట్రైపాడు తీసి, బయటి బూటుని కూడా ఆ కొస నుంచే ఎక్కించొచ్చు. జాయింటుని షాఫ్టు మీదే అటూ ఇటూ వంచుతూ కిరసనాయిలుతో కడగాలి. మాస్టారి బండిది సులువుగానే వచ్చింది.

ఊడొచ్చిన జాయింటు విప్పేముందు లోపలి రేసు, కేజు, బయటి కప్పు మూడింటి మీదా ఒకే వరుసలో చిన్న పెయింటు చుక్కలు పెట్టండి. అరిగిన గాడులు, గుళ్లు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. ఏ గుండు ఏ గాడిలోదో అదే గాడిలోకి వెళ్లాలి. కోడిగుడ్ల అట్టలో ఆరు గుంటలకి నంబర్లు వేసుకుంటే కలిసిపోవు. రేసుని ఒక వైపు బలంగా వంచితే ఎదుటి వైపు కేజు కిటికీ పైకి లేస్తుంది, అక్కడి గుండు బయటికి కనిపిస్తుంది. సన్న స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా పైకి లేపితే టక్కున వచ్చేస్తుంది. ఒకటి తీశాక దానికి ఎదురుగా ఉన్నది, అలా ఆరూ తీయండి. అన్నీ వచ్చాక కేజుని నిటారుగా నిలబెట్టి, దాని వెడల్పాటి కిటికీలు కప్పులో గాడుల మధ్య గట్లకి ఎదురుగా వచ్చేలా తిప్పితే, కేజు, రేసు కలిసి బయటికి వస్తాయి. కేజులోంచి రేసుని కూడా అలాగే అడ్డంగా తిప్పి, దాని ఒక గట్టుని పెద్ద కిటికీలోకి దూర్చి తీయాలి. బలం అవసరం లేదు. బలం కావాల్సి వస్తోందంటే కోణం తప్పిందన్నమాట.

ఇప్పుడు కడగండి. పెట్రోలు వద్దు, నిప్పు భయం ఉంది. కిరసనాయిలులో బ్రష్షుతో కడిగి, రెండోసారి శుభ్రమైన కిరసనాయిలులో ముంచి, గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టండి. తడి మిగిలితే కొత్త గ్రీజు పల్చబడుతుంది, బూటు రబ్బరు ఉబ్బుతుంది. బనియన్ వేస్టుతో తుడిస్తే పోగులు లోపల చిక్కుకుంటాయి, పోగులు రాని గుడ్డ వాడండి.

జాయింటు బతుకుతుందో లేదో తేలేది ఇక్కడే. ఎండ వెలుతురులో గాడుల్ని ఒక్కొక్కటీ చూడండి. మెరిసే సన్న గీత మామూలే, గుండు నడిచిన దారి అది. ఆ గీతలో గోరు నడిపితే అంచు తగిలిందా, సూది మొనలాంటి గుంటలు కనిపించాయా, పొర లేచి ఊడిందా, వేడికి నీలిరంగు తిరిగిందా చూడండి. వీటిలో ఏది ఉన్నా జాయింటు మార్చాల్సిందే. గుండుని కేజు కిటికీలో పెట్టి కదపండి. కాస్త బిగువుగా కూర్చోవాలి, లొడలొడలాడకూడదు. కిటికీ మూలల్లో వెంట్రుకవాసి పగులు ఉందేమో కేజుని తిప్పి తిప్పి చూడండి. కేజు విరిగితే నడిచే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. మాస్టారి జాయింటులో గీతలు తప్ప గుంటలు లేవు. ఆయన్ని పిలిచి గోరుతో తడిమి చూడమన్నాను. మీరు చేయించుకునే చోట కూడా విప్పిన జాయింటుని చూపించమని అడగండి. మంచి మేస్త్రీ సంతోషంగా చూపిస్తాడు.

శబ్దం చేసే జాయింట్లని కుడి ఎడమ మార్చి పెట్టే అలవాటు ఒకటుంది. గాడిలో అరగని రెండో అంచు మీద బరువు పడుతుంది కాబట్టి కొన్నాళ్లు మోత ఆగుతుంది. బండి అమ్మేవాళ్లకి పనికొచ్చే చిట్కా అది. కొనేవాడికి అన్యాయం. నేను చేయను.

గ్రీజు విషయంలో రాజీ పడొద్దు. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజే వాడాలి, షెడ్లలో మాలీ గ్రీజు అంటే ఇస్తారు. చక్రం బేరింగులకి పెట్టే మామూలు గ్రీజు ఈ ఒత్తిడికి నిలవదు. ట్రైపాడుకి కంపెనీ వేరే రకం చెప్పి ఉంటే అదే వేయండి. కిట్టులో వచ్చిన గ్రీజు అటుదిటు మార్చకండి, పాత గ్రీజుతో కొత్తది కలపకండి.

బిగించడం విప్పిన దారిలోనే వెనక్కి. రేసు కేజులోకి, రెండూ కలిసి కప్పులోకి, పెయింటు చుక్కలు ఒక వరుసలోకి. కాస్త గ్రీజు పూసి గుళ్లు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టండి. గుండు లోపలికి వెళ్లడానికి సుత్తి అడుగుతోందంటే కేజో రేసో తిరగబడింది, మళ్లీ విప్పండి. ఆరూ పడ్డాక జాయింటుని చేత్తో అన్ని వైపులా వంచి తిప్పండి. ఎక్కడా పట్టకుండా, బరువుగా మెత్తగా కదలాలి. కిట్టు గ్రీజులో ఎక్కువ భాగం రేసు మధ్య రంధ్రంలోంచి లోపలికి కూరండి, మిగిలింది బూటులో వేయండి. ఎక్కువ కూరితే బూటు ఉబ్బుతుంది.

షాఫ్టు పళ్ల మీద టేపు చుట్టి, ముందు చిన్న క్లిప్పు, తర్వాత బూటు ఎక్కించండి. టేపు తీసి, కొత్త సర్క్లిప్పు పెట్టి, అప్పుడు జాయింటుని రబ్బరు సుత్తితో తట్టండి. క్లిప్పు గాడిలో పడితే శబ్దం మారుతుంది. జాయింటుని గట్టిగా లాగి చూసుకోండి. బూటు మెడని పెయింటు గుర్తు దగ్గర కూర్చోబెట్టి, మెలి తిరగలేదని చూసుకుని పెద్ద క్లిప్పు బిగించండి. చిన్న క్లిప్పు బిగించేముందు మొండి స్క్రూడ్రైవరుతో మెడని కొంచెం ఎత్తి లోపలి గాలిని బయటి గాలితో సమం చేయండి. ఇది వదిలేస్తే బూటు ఉబ్బడమో, లోపలికి పీక్కుపోవడమో జరిగి మడతల దగ్గర త్వరగా చిరుగుతుంది. క్లిప్పులకి బదులు ఇనప తీగ చుట్టొద్దు, ప్లాస్టిక్కు టై వద్దు. రెండు ముక్కలుగా ఉండి జిగురుతో అతికించే బూట్లు దారిలో ఇంటికి చేరడానికే.

ట్రైపాడు విప్పాల్సి వస్తే షాఫ్టు, ట్రైపాడు, కప్పు మీద ఒకే వరుసలో గుర్తులు పెట్టి, రోలర్ల చుట్టూ టేపు వేయండి. రోలరు జారితే సన్న సూదుల్లాంటి బేరింగులన్నీ నేల మీద పడతాయి. ఆ బూటుకి కంపెనీ పుస్తకంలో చెప్పిన పొడవు దగ్గరే క్లిప్పు బిగించాలి.

గేర్‌బాక్సులోకి షాఫ్టు దూర్చేటప్పుడు సీలు పెదవికి గేర్ ఆయిల్ పూసి, పళ్లు సీలుని తాకకుండా తిన్నగా పెట్టి, కప్పుని ఒక్క ఊపుతో నెట్టండి. క్లిప్పు పడ్డాక కప్పు పట్టుకుని లాగితే రాకూడదు. షాఫ్టు రెండో కొసని హబ్‌లోకి దూర్చి, బాల్ జాయింటు బోల్టు బిగించి, కొత్త హబ్ నట్టుని బిగువుగా ఎక్కించి, చక్రం వేసి, బండి దించి, అప్పుడు ఆ నట్టుని టార్క్ రెంచితో పూర్తిగా బిగించండి. చిన్న కార్లలో ఇది తరచుగా 175 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మోడల్ అంకె పుస్తకంలో చూసుకోండి. అందాజాగా బిగించే నట్టు కాదిది. బిగించాక అంచుని గాడిలోకి కొట్టి వంచండి. గేర్ ఆయిల్ లెవెల్ రంధ్రం అంచుదాకా పోయండి.

స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి బూటు ఎక్కడా రాసుకోలేదని చూసి, ఒక రౌండు తిప్పి వచ్చి క్లిప్పుల దగ్గర, సీలు దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. వారం తర్వాత మరోసారి చూడండి. కళ్లాల రోజుల్లో గడ్డి మీదుగా పోక తప్పకపోతే, ఇంటికి రాగానే బండి ఆపి, షాఫ్టుకి చుట్టుకున్న పోగుల్ని కత్తితో కాకుండా చేత్తో విప్పి తీసేయండి.